ఉన్నచోటే ఉండాల్సిన అంకె

ఆమెను ఆఫీసులో అందరూ పరధ్యానం అనే పిలిచేవారు. మొదట్లో వెనకాల అనుకునేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. చివరికి యజమాని కూడా "పరధ్యానం గారూ, ఆ గోడౌను వాళ్ళ పని ఎంతవరకు వచ్చిందండీ?" అని మర్యాదగా అడిగే స్థితికి వచ్చింది. ఆమెకు కోపం రాలేదు. కోపం రావాలంటే ముందు వినబడాలి కదా. పిలిచిన కాసేపటికి తల తిప్పి "నన్నేనా?" అనేది. అప్పటికి పిలిచినవాడు విసిగి తన కుర్చీలోకి వెళ్ళిపోయి ఉండేవాడు.

అలాగని ఆమె పనిమంతురాలు కాదనుకుంటే పొరపాటు. ఆమె చేసే పనే అలాంటిది. కంప్యూటరు తెర మీద అక్షరాలు గీయించడం. తెర మీద అక్షరాలు వాటంతట అవే ఉంటాయని మనం అనుకుంటాం. ఉండవు. ఎవరో ఒకరు కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ రంగులో వేయాలో, ఎక్కడ ఆపాలో యంత్రానికి చెప్పి మరీ గీయించాలి. ఇంకేదైనా వచ్చి వాటిని కప్పేసి పక్కకు తప్పుకుందంటే, అక్కడ ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ మొదటినుంచి గీయాల్సిందే. తెరకు జ్ఞాపకం ఉండదు. ఈ సంగతి తొలిసారి తెలిసిన రోజు ఆమె బస్సులో ఇంటికి వెళ్తూ, కిటికీలోంచి చెట్లనూ దుకాణాలనూ చూస్తూ, తాను తల తిప్పుకోగానే ఇవన్నీ చెరిగిపోతున్నాయేమో, మళ్ళీ చూసేలోపు ఎవరో గబగబా గీసి పెడుతున్నారేమో అనుకుంది. ఆ అనుకోవడంలో దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచి వచ్చింది.

ఆ పనిలోనూ ఆమెకు ప్రాణం ఒకదాని మీదే. వరసల్ని నిలువుగా నిలబెట్టడం. ఒక వరసలో నాలుగు ముక్కలున్నాయనుకోండి, ముక్కకూ ముక్కకూ మధ్య ట్యాబ్ అనే కనబడని గుర్తు పెడతారు. రాసుకుంటూ పోయే యంత్రం ఆ గుర్తు ఎదురవగానే ఆగి, ఒక్క గెంతులో తర్వాతి మజిలీ చేరుకుని, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. మజిలీలు ముందే ఖాయం చేసి ఉంటాయి. అన్ని వరసలూ అవే మజిలీల్లో ఆగుతాయి కాబట్టి, ముక్కలన్నీ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా నిలబడతాయి. అది చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. వాన వెలిశాక కరెంటు తీగ మీద వేలాడే బొట్లను చూసినా, బడి విడిచాక వరసగా వచ్చే పిల్లల్ని చూసినా, వీళ్ళందరి మధ్యా ఎవరో ఆ గుర్తు పెట్టి ఉంటారని ఆమెకు తోచేది. ఇలాంటివి పైకి అంటే నవ్వుతారని మనసులోనే ఉంచుకునేది. ఒక్క అక్కకు మాత్రం చెప్పేది.

అక్క సంగతి చెప్పాలి. ఆవిణ్ణి ఊరంతా మైకమ్మ అంటుంది. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో మైకులో చెప్పేది ఆవిడే. ఆ గొంతు గురించి ఎంత చెప్పినా తక్కువే. హడావిడి ఉండదు, అరుపు ఉండదు. నిద్రలో ఉన్న మనిషి భుజం మీద చెయ్యి వేసి లేపినట్టు ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు ఊరు కునుకు తీస్తున్న వేళ ఆ గొంతు మేడల మీదుగా, ఆరేసిన బట్టల మధ్యగా తేలుతూ వచ్చేది. బస్సు ఎక్కే పని లేనివాళ్ళు కూడా ఒక క్షణం ఆగి వినేవారు.

ఆ గొంతు ఉద్యోగంలోకి రాకముందే పరధ్యానానికి తెలుసు. వాళ్ళ అమ్మ నూలుమిల్లులో షిఫ్టు పనిచేసేది. చిన్నదాని తల దువ్వడం, అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం అన్నీ అక్క వంతే. అక్కకు కథలు రావు. బస్టాండు పక్క వీధిలోనే ఇల్లు కాబట్టి, చెవిన పడ్డ బస్సుల కబుర్లే కథలుగా చెప్పేది. "ప్రయాణికులకు గమనిక. మా చెల్లెలుగారు నిద్రలోకి బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నారు. కావున కాళ్ళు ఆడించరాదు." చిన్నది కిలకిలా నవ్వి, ఆ నవ్వు పూర్తవకముందే నిద్రపోయేది. తర్వాత కొన్నేళ్ళకు బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషి కావాలంటే అక్క వెళ్ళి రెండు వాక్యాలు చదివింది. మూడో వాక్యం చదవమని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అక్కా బావా కింది వాటాలో, పరధ్యానం మేడ మీద వాటాలో ఉంటారు. బావ దర్జీ. మాట తక్కువ, మెడలో టేపు ఎక్కువ. ఈ మధ్య ఆ ఇంట్లో ఒక చాదస్తం మొదలైంది. మంచినీళ్ళ గ్లాసు కిటికీ మూలనే ఉండాలి, తాళంచెవి తలుపు పక్క మేకుకే ఉండాలి, కుర్చీ గచ్చు మీది పగులుకు ఆనుకునే ఉండాలి. మేడ మీంచి దిగివచ్చిన పరధ్యానం ఏదైనా తీసి ఇంకోచోట పెట్టిందంటే, బావ కిమ్మనకుండా లేచి దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టేవాడు.

"ఏంటి బావగారూ, మీ ఇంట్లో గ్లాసుక్కూడా అడ్రసుందే!" అని ఆమె ఏడిపించేది.

బావ నవ్వి ఊరుకునేవాడు. అక్క మాత్రం "నీకేం తెలుసే, సర్దుకున్న ఇల్లంటే ఏంటో" అనేది.

బస్టాండులో పాత కంప్యూటరు మూలనపడటంతో కథ మలుపు తిరిగింది. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. అందులో ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు, బక్కవాడికీ బొద్దువాడికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది కాదు గానీ అంకెలు దారం పట్టి నిలబెట్టినట్టుండేవి. దాని బదులు కొత్త ప్రోగ్రాం రాసే పని తిరిగి తిరిగి పరధ్యానం పనిచేసే చిన్న కంపెనీకే వచ్చింది. ఆమె ఎగిరి గంతేసింది. ఎన్నో గోడౌన్లకూ దుకాణాలకూ తెరలు గీసింది గానీ, అక్క కళ్ళముందు పొద్దస్తమానం ఉండేదాన్ని గీయడం ఇదే మొదటిసారి.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని అక్కకు కొత్త తెర గురించి కథలు కథలుగా చెప్పింది. లేత రంగు నేల, నిండైన గుండ్రటి అక్షరాలు, ఏ అక్షరానికి తగ్గ వెడల్పు దానికి. అక్క అంతా విని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"అందం సంగతి సరేనే. ప్లాట్‌ఫాం నెంబరు ఉన్నచోటే ఉంటుందా?"

"ఎక్కడికి పోతుందక్కా? పేరు పొట్టిదైనా పొడుగుదైనా నెంబరు మాత్రం జరగదు. అందుకేగా నేనుంది."

"ఒట్టు?"

"ఒట్టే. నెంబరు కోసం ఒట్టు వేయించుకునేదానివి నువ్వొక్కదానివే."

ఆ ప్రశ్న ఎందుకడిగిందో ఆగి ఆలోచించాల్సింది. కానీ అప్పటికే పరధ్యానం మనసు తెర మీదికి వెళ్ళిపోయింది.

కొత్త తెర పెట్టారు. వరసలో ముందు ఊరి పేరు, తర్వాత బస్సు నెంబరు, తర్వాత ప్లాట్‌ఫాం, చివర బయలుదేరే వేళ. అక్క అలవాటుపడింది. గొంతులో ఏ తేడా లేదు. అంతా బావుందనుకుంటుండగా స్టేషన్ మేనేజరు ఒక కోరిక కోరాడు. ఆలస్యంగా వచ్చే బస్సుల పేర్లు ఎర్రగా కనబడాలట. అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఒకే వరసలో రెండు రంగులు కావాలంటే వరసను రెండు ముక్కలు చేసి గీయాలి. పేరును ఎరుపులో గీసి, అది ఎక్కడ ముగిసిందో చూసుకుని, అక్కణ్ణుంచి మిగతాది నలుపులో గీయాలి. పరధ్యానం అలాగే చేసింది. ఉత్తుత్తి ఊళ్ళు కొన్ని కల్పించి పరీక్షించింది కూడా. ఊళ్ళకు పేర్లు వెతకడానికి బద్ధకించి, ఒకదానికి "అ" అనీ ఇంకోదానికి "ఆ" అనీ పెట్టింది. వాటితో అన్నీ చక్కగానే కనబడ్డాయి.

ఆ పై వారం, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ మేనేజరు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కొండ మీద ఒక చిన్న ఊరుంది. పేరు ఎంత పొడుగంటే, కండక్టరు అది పలకడం పూర్తిచేసేలోపు బస్సు ఆ ఊరు దాటేస్తుందని డ్రైవర్లు నవ్వుకుంటారు. ఆ బస్సు ఆలస్యంగా నాలుగో ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. మైకులో మాత్రం తొమ్మిది అని వినబడింది. జనమంతా మూటాముల్లె ఎత్తుకుని తొమ్మిదో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డారు. బస్సు నాలుగో ప్లాట్‌ఫాం మీద కాసేపు ఆగి, ఎవరూ రాకపోయేసరికి దాదాపు ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ ఊరికి మళ్ళీ మర్నాటిదాకా బస్సు లేదు. మనవరాలు పుట్టిందని చూడబోతున్న ఒక ముసలావిడ బస్టాండు గేటు దగ్గర కూలబడి, కనబడ్డవాళ్ళనల్లా దుమ్మెత్తిపోస్తోంది.

పరధ్యానం వెళ్ళేసరికి అక్క గదిలో లేదు, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. తెర మీద ఆ వరస ఇంకా ఉంది. చూడగానే తన తప్పు తెలిసి ఆమె నాలుక కరుచుకుంది. మజిలీలను ఎప్పుడూ వరస మొదలు నుంచి కొలవాలి. రెండో ముక్క గీసేటప్పుడు ఆ సంగతి యంత్రానికి విడిగా చెప్పాలి. తాను చెప్పలేదు. దాంతో అది పేరు ముగిసిన చోటే మొదలనుకుని, అక్కణ్ణుంచి కొలవడం మొదలుపెట్టింది. పేరు ఎంత పొడుగో వరసంతా అంత పక్కకు జరిగింది. "అ", "ఆ"లతో వెంట్రుకవాసి జరిగినా కంటికి ఆనలేదు. ఈ పేరుతో మాత్రం, ప్లాట్‌ఫాం ఉండాల్సిన చోటికి సరిగ్గా బస్సు నెంబరు వచ్చి కూర్చుంది. ఆ బస్సు నెంబరు తొమ్మిది.

"తప్పు నాదేనండీ, ఇప్పుడే సరిచేస్తాను" అంది ఆమె.

మేనేజరు చెడ్డవాడు కాదు. నొసలు రుద్దుకుంటూ అన్నాడు. "అది కాదు మేడమ్. వరస జరిగిందని నాక్కూడా కనబడుతూనే ఉంది. చివర టైము చూడండి, సగం తెగిపోయి అంచుకి అతుక్కుపోయింది. పక్కన ఇంత ఖాళీ. చంటిపిల్లాడికైనా ఏదో తేడా ఉందని తెలుస్తుంది. ఇన్నేళ్ళనుంచి చేస్తున్న మనిషి, ఆవిడకి తెలీకపోవడమేంటి? ధ్యాస ఎక్కడుందో!"

ఆయన ముసలావిణ్ణి సముదాయించడానికి వెళ్ళిపోయాడు. పరధ్యానం అక్క కుర్చీలో కూర్చుంది. మేనేజరు అన్నది నిజం. ఎవరికైనా తెలుస్తుంది. ఆ వరస ఒక్కటే మిగతా వాటిలోంచి గట్టు తెగినట్టు పక్కకు జారిపోయి ఉంది. దాన్ని చూసి తొమ్మిది అనాలంటే, చూసే కన్ను ఎలాంటిదై ఉండాలి?

ఆమె పిడికిలి బిగించి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసుకుని, చిన్నపిల్లలు దుర్భిణి ఆట ఆడుకున్నట్టు కంటికి ఆనించుకుంది. రెండో కన్ను మూసింది. గది మాయమైంది, మైకు మాయమైంది, తెర అంచులు మాయమయ్యాయి. సందులో ఊరి పేరు కనబడింది. అలవాటైన చోటికి తల తిప్పింది. అక్కడ తొమ్మిది. దానికి అటూ ఇటూ ఏమీ లేదు. తొమ్మిది కాక ఇంకేమనాలి?

పిడికిలి దించడానికి ఆమెకు చెయ్యి రాలేదు. కిటికీ మూల గ్లాసు, మేకుకు తాళంచెవి, పగులుకు ఆనించిన కుర్చీ, లేచి సర్దే బావ. పొద్దువాలాక గడప దాటని అక్క. పక్కనుంచి వెళ్ళి పలకరిస్తే ఉలిక్కిపడే అక్క. మొన్న వీధిలో ఎదురుపడి కూడా చూడనట్టు వెళ్ళిపోతే తాను మొహం మాడ్చుకుని, ఆ పూట కిందికి దిగలేదు. ఇంతకాలం పరధ్యానం అని పేరు పెట్టినవాళ్ళే తనను సరిగ్గా చూశారనిపించి, ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్క గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. ఆ గోడ పట్టుకోవడం కూడా ఆమె ఈరోజే చూసింది.

"ఎన్నాళ్ళనుంచక్కా?"

అక్క ఏం అడుగుతున్నావని అనలేదు. కుర్చీలో కూర్చుని, మైకు మెడ సవరించి, మెల్లగా అంది. "ఉండవే. ఒక బస్సుంది." మీట నొక్కింది. ఎక్కడికో వెళ్ళే బస్సు ఎక్కడో నిలబడి ఉన్నదని, ప్రయాణికులు నెమ్మదిగా ఎక్కవలెనని ఊరంతటికీ చెప్పింది. మీట ఆపింది. అప్పుడు కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"అంచుల్నుంచి మూసుకుంటూ వస్తోందే. మధ్యలో మాత్రం ఉంది. డాక్టరు ఉన్నదాన్ని కాపాడుకోమంటాడు, పోయింది రాదంటాడు."

"బావకి తెలుసా?"

"తెలుసు. నేను చెప్పలేదు. ఒకరోజు గ్లాసు కోసం తడుముతుంటే చూశారు. అప్పట్నుంచి దాన్ని కదలనివ్వరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నువ్వు ఏడుస్తావు. నీ ఏడుపు నేను చూడలేను." అని, ఒక క్షణం ఆగి, తనే చిన్నగా నవ్వింది. "చూడలేననడం కూడా ఇప్పుడు కొత్తగా ఉంది. ఉండు, ఇంకో బస్సు." మళ్ళీ మీట, మళ్ళీ ఆ గొంతు. నీటి మీద ఆకు తేలినట్టు సాగిపోయింది. బయట ఒక్కరికీ అనుమానం రాలేదు.

మీట ఆపాక చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా గొంతుకేమైందే? ఏమీ కాలేదు. ఈ కుర్చీలోంచి లేస్తే నేను ఇంట్లో ఒక మూల కూర్చోవాలి. మేనేజరుకి చెప్పకు. నెంబరు ఉన్నచోట ఉంచు, మిగతాది నేను చూసుకుంటాను."

ఆమె చెప్పలేదు. తప్పంతా ప్రోగ్రాముదేనని మేనేజరుకు మళ్ళీ గట్టిగా చెప్పింది. అది అబద్ధం కాదు. కానీ ముసలావిడ గేటు దగ్గర ఇంకా కూర్చునే ఉంది, పమిటచెంగుతో మొహం తుడుచుకుంటోంది. పరధ్యానం ఆవిడ ముందునుంచి తల వంచుకుని నడిచింది. అబద్ధం చెప్పినప్పటికంటే ఎక్కువ బరువుగా అనిపించింది.

వరస మొదలు నుంచే కొలవమని యంత్రానికి చెప్పడం ఒక్క మాట పని. అది అయిపోయింది. ఆ తర్వాత ఆమె ఇంకో పని మొదలుపెట్టింది. మజిలీలను దగ్గరికి జరపడం. ఊరి పేరుకూ ప్లాట్‌ఫాంకూ మధ్య దూరం తగ్గితే, అక్క చూపు అంత దూరం వెతుక్కుంటూ వెళ్ళనక్కర్లేదు. వరసంతా ఒకే సందులో ఇమిడిపోతుంది. మధ్యాహ్నాలు అక్క పక్కన కూర్చుని "ఇప్పుడు కనబడుతోందా? ఇప్పుడో?" అని అడుగుతూ కొంచెం కొంచెంగా జరిపేది. బావ జాకెట్టుకు కొలతలు తీసినట్టు ఆమె అక్క చూపుకు కొలతలు తీసింది. నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నాలు బావుండేవి. గదిలో ఫ్యాను చప్పుడు, అద్దం అవతల మాటలు వినబడని జనం, తెర మీంచి లేత వెలుగు, దానిలో అక్క మొహం. చిన్నప్పుడు ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుండేది. ప్రపంచాన్ని ఇలా దగ్గరికి, ఇంకా దగ్గరికి జరుపుకుంటూ పోతే, అందరూ అక్క చేతికందేంత దూరంలో ఉండిపోతే ఎంత బావుంటుందో అని కలలు కనేది. కానీ వానాకాలం పోయేసరికి మళ్ళీ జరపాల్సి వచ్చింది. చలి మొదలయ్యేసరికి ఇంకోసారి. అక్షరాలను చిన్నవి చేసి చూసింది. మరీ చిన్నవైతే మధ్యలో మిగిలిన చూపుకు ఆనవు. ఇటు లాగితే అటు చాలదు.

"నీ ఒక్కదానికే వేరే కొలత పెట్టనా? ఒక మీట నొక్కితే మారిపోతుంది."

"వద్దే. మైకమ్మకి వేరే తెర ఎందుకని అడిగితే ఏం చెప్తావు? నీళ్ళు నములుతావు."

అక్క సెలవు పెట్టిన రోజుల్లో మైకు దగ్గర టికెట్ కౌంటరు అమ్మాయి కూర్చునేది. ఆ అమ్మాయికి చూపు భేషుగ్గా ఉంది, తొందరే ఎక్కువ. ఒకరోజు అక్కా చెల్లెళ్ళు కంటి డాక్టరు దగ్గర్నుంచి తిరిగి వస్తూ బస్టాండు పక్కనుంచి నడుస్తున్నారు. మైకులో ఆ అమ్మాయి గొంతు వినబడింది. ఏదో బస్సు తొంభై నాలుగో ప్లాట్‌ఫాం మీదికి వస్తున్నదట.

బస్టాండులో పట్టుమని పాతిక ప్లాట్‌ఫాంలు లేవు. లోపల నవ్వులు గొల్లుమన్నాయి. ఎవడో "దానికి రైలెక్కి వెళ్ళాలేమో!" అని అరిచాడు. మళ్ళీ నవ్వులు. ఆ అమ్మాయి తడబడి, సరిచేసి, మళ్ళీ తడబడింది. మైకు ఆపడం మరచిపోయిందేమో, వెక్కిళ్ళు కూడా వినబడ్డాయి.

పరధ్యానానికి వెంటనే అర్థమైంది. మజిలీలు మరీ దగ్గరపడి బస్సు నెంబరు తొమ్మిదీ ప్లాట్‌ఫాం నాలుగూ ఒకదాన్నొకటి రాసుకుని నిలబడ్డాయి. మంచి కళ్ళున్న పిల్ల రెంటినీ కలిపి చదివేసింది. ఆమె అక్క మొహంలోకి చూసింది. అక్క నడవడం ఆపేసింది. నవ్వులు వినబడుతున్న వైపు తల తిప్పి నిలబడింది.

"ఆ పిల్ల ఏడుస్తోందే."

"రేపు కొంచెం ఎడం పెడతానక్కా."

"ఎడం పెడితే నాకు కనబడదు."

అక్క చెల్లెలి వైపు తిరిగింది.

"నా కోసం ఇంకెంత దగ్గరికి జరుపుతావు? అందరి తెరనీ తీసుకొచ్చి నా కంట్లో పెడుతున్నావు. ఆరోజు ఆ ముసలమ్మ, ఈరోజు ఈ పిల్ల. రేపు ఇంకెవరో. చాల్లే."

"అక్కా, ఆలోచిస్తాను, ఇంకేదో దారి ఉంటుంది."

"నువ్వు ఆలోచిస్తూ కూర్చో. నేను వెళ్ళొస్తా." అని, గోడ మీద చెయ్యి వేసుకుని, తనే బస్టాండు పక్క గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది. ముందు ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి మైకు ఆపింది. తర్వాత మేనేజరు గదికి వెళ్ళి తలుపు తట్టింది.

మేనేజరు ముందు కస్సుమన్నాడు. ఇన్నాళ్ళు దాచారా, ఏదైనా ప్రమాదం జరిగి ఉంటే ఎవరిది బాధ్యత అన్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, టీ తెప్పించి, కప్పు ఆవిడ చేతికి అందించకుండా బల్ల మీద పెట్టి, తప్పు చేసినట్టు మళ్ళీ తీసి చేతికి అందించాడు. ఆఫీసులో ఇంకేదైనా పని చూస్తానన్నాడు. అక్క ఆలోచించి చెప్తానంది. వెళ్ళేముందు ఆ అమ్మాయికి మైకు ముందు ఎలా కూర్చోవాలో, ఎక్కడ గాలి పీల్చాలో, జనం నవ్వితే ఎంతసేపు ఆగాలో నేర్పింది. పరధ్యానం మజిలీలన్నిటినీ మొదటిలా విశాలంగా జరిపింది. అంకెలు ఊపిరి పీల్చుకున్నట్టు దూరంగా నిలబడ్డాయి. తెర చాలా అందంగా ఉంది. ఆమె ఆరోజు ఆఫీసులో ఎవరు పిలిచినా పలకలేదు, ఈసారి మాత్రం అన్నీ వినబడ్డాయి.

చలికాలం చివర్లో అక్కను పొరుగూరి పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. బావకు పెళ్ళిళ్ళ బట్టలు మీదపడి ఉండటంతో పరధ్యానం సెలవు పెట్టింది. ఇద్దరూ బస్టాండులో బల్ల మీద కూర్చున్నారు. పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ చారలు పడుతున్నాయి. వాటిలో దుమ్ము నెమ్మదిగా తిరుగుతోంది. జనం చారల్లోకి వచ్చి వెలుగుతున్నారు, దాటి ఆరిపోతున్నారు. పరధ్యానం వాళ్ళను చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోయింది. అక్క మాత్రం కళ్ళు మూసుకుని, మైకులో కొత్త గొంతును చెవులప్పగించి వింటోంది.

"బాగా చెప్తోందే. చివర్లో మాత్రం మింగేస్తోంది. రేపు ఫోన్ చేసి చెప్పాలి."

ఇంతలో వాళ్ళ బస్సు పేరు వినబడింది, ప్లాట్‌ఫాం నెంబరు వినబడింది. చుట్టూ జనం ఒక్కసారి లేచారు. సంచులు, పిల్లలు, భుజాలు. అక్క కూడా అలవాటున్నదానిలా చప్పున లేచి నిలబడింది. నిలబడి, అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆవిడ పక్క గుమ్మంలోంచి వచ్చి మైకు గదిలోకి వెళ్ళేది, మళ్ళీ అటునుంచి అటే ఇంటికి. ఆ ప్లాట్‌ఫాంల మీదికి ఒక్కసారైనా నడిచిన మనిషి కాదు. జనం రాసుకుంటూ పోతున్నారు. అక్క చెయ్యి చాచి, గాలిలో చెల్లెలి కోసం వెతికింది.

"ఎటే?"

ఊరు ఊరంతటికీ ఇన్నేళ్ళు దారి చెప్పిన మనిషి అడుగుతోంది. పరధ్యానం ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని గబగబా లాక్కుపోబోయింది.

అక్క కదల్లేదు. "అలా లాగకు. పడతాను. ముందు చెప్పు, తర్వాత నడు."

ఆమె ఆగింది. కళ్ళు తుడుచుకుంది. ముందున్న దారిని, మెట్టును, స్తంభాన్ని, అవతల ఎండలో నిలబడ్డ బస్సును తేరిపార చూసింది.

"కుడి పక్కకి అక్కా. పది అడుగులు నేల చదునుగానే ఉంటుంది. తర్వాత ఒక మెట్టు దిగాలి."

"ఇంకోసారి చెప్పు. నెమ్మదిగా."

ఆమె ఇంకోసారి, నెమ్మదిగా చెప్పింది. అక్క పూర్తిగా విని, తల ఊపి, మొదటి అడుగు వేసింది.